నాలుగు వేళ్ళ దూరం

ఆ రోజు పొద్దున ఆకాశం తెల్లగానూ లేదు, నల్లగానూ లేదు. ఉతికి ఉతికి వెలిసిపోయిన దుప్పటిలా ఒకే రంగున పరుచుకుని, ఎక్కడా నీడ పడనివ్వకుండా నిలబడి ఉంది. అది కురిసే మబ్బు కాదని చూడగానే తెలిసింది. కోతలు అయిపోయి, దున్నడానికి నేలలో తడి లేక, రైతు చేతులు ముడుచుకుని కూర్చునే కాలం అది. అలాంటి వెలుతురంటే మా అక్కకు ప్రాణం. ముఖం మీద ముక్కు నీడ పడదు, ఫొటోకి ఇంతకంటే మంచి వెలుగు వెతికినా దొరకదు అనేది. ఆ పొద్దున మాత్రం ఆమె బయటికి వచ్చి పైకి చూడలేదు.

పనివాళ్ళ గుర్తింపు కార్డుల కోసం అక్క తీసిన ఫొటోల కట్ట నూలు మిల్లు నుంచి తిరిగొచ్చింది. అలా రావడం అది రెండోసారి.

తెచ్చినవాడు మిల్లు గుమాస్తా. సైకిలు గోడకు ఆనించి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, కట్టను అక్క బల్ల మీద పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను వాకిట్లో పారకు కొత్త పిడి బిగించుకుంటున్నాను. స్టూడియో తలుపు తెరిచే ఉంది.

"నా చేతిలో ఏం లేదమ్మా. గేటు దగ్గర కొత్త మిషను పెట్టారు కదా. కార్డు మీద ముఖమూ, ఎదురుగా ఉన్న ముఖమూ కలిపి చూస్తుందది. కళ్ళు తేటగా పడకపోతే ఎర్రదీపం వేసి గుయ్యిమంటుంది. మొన్న మా మేనేజరుగారి కార్డు పెడితే ఆయన్నే దొంగని చేసింది."

"మొత్తం మూడొందల పన్నెండూనా?" అంది అక్క.

"మొత్తం. నెలాఖరులోగా మంచివి ఇస్తే సరే. లేకపోతే పట్నం నుంచి ఎవరినో పిలిపిస్తారట. నేనే ఆపాను. ఇరవై రెండేళ్ళుగా ఆవిడే తీస్తోంది, ఇంకొక్కసారి చూద్దామన్నాను." గడప దాటి చెప్పులు వేసుకుంటూ, మనసులో ఉన్నది అప్పుడు బయటపెట్టాడు. "ఏమీ అనుకోకండి గానీ, ఒకసారి కళ్ళు చూపించుకోరాదూ?"

అక్క కట్టను బల్ల చివరికి నెట్టింది. కట్టకున్న దారం కూడా విప్పలేదు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. పది రోజుల కిందట లెన్సు పట్టుకుని పట్నంలో రిపేరు షాపుకి వెళ్ళింది. పాత లెన్సు అరిగిపోయిందని ఆ చలికాలమే కొనుక్కున్న లెన్సు అది. షాపువాడు దాన్ని తన కెమెరాకి తగిలించి ఎదురు గోడని నాలుగు ఫొటోలు తీసి, "లెన్సు బంగారంలా ఉందమ్మా. మీ వయసెంత?" అన్నాడట. అంతకుమించి అక్క ఏమీ చెప్పలేదు. బస్సు దిగి వస్తున్నప్పుడే నేను ఆమె నడక చూశాను. గుంతలు ఎక్కడున్నాయో కాలితో వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది. ఎవరైనా నీ కళ్ళు పోయాయంటే, బాగున్న కళ్ళు కూడా భయపడతాయి.

మాది ఒకే కప్పు, రెండు వాకిళ్ళు. వీధి వైపు గది అక్క స్టూడియో, పక్కనే ఆమె పొయ్యి. పెరటి వైపు నేనూ, మా ఆవిడా, పశువులూ. నాన్న పోతూ పొలం నాకిచ్చాడు, కెమెరా అక్కకిచ్చాడు. ఎవరి పని వాళ్ళది. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టుకోలేదు. మాటలు కూడా పెద్దగా ఉండేవి కావు. ఉండాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు మా ఆవిడ అంది. "నెలాఖరుకి స్టూడియో మూసేస్తానంటోంది వదిన. ఆ గదిలో మీ ధాన్యం బస్తాలు వేసుకోమంది. మీరేమీ అనరేం? నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"చూస్తున్నాను."

"ఏం చూస్తున్నారు?"

"ఇంకా తెలీదు."

"తెలిశాక ఒక ఉత్తరం రాసి పడెయ్యండి. చదువుకుంటాను," అంది.

మర్నాడు తెల్లవారుజామున పాలు పితుకుతుంటే అక్క గది కిటికీ కనిపించింది. వెలుతురు అప్పుడప్పుడే విచ్చుకుంటోంది. అక్క కిటికీ దగ్గర నిలబడి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మొదటిసారికే ఎక్కింది. లాగేసింది. మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ లాగేసింది. చెంబు నిండేలోపల పదకొండుసార్లు లెక్కపెట్టాను. పదకొండుసార్లూ దారం తడబడకుండా దూరింది. అయినా ఆమె ముఖంలో నమ్మకం రాలేదు. బట్ట ఏదీ కుట్టకుండానే సూది పెట్టెలో పెట్టేసింది.

ఆ మసక వెలుతురులో సూది బెజ్జం కనిపెట్టే కన్ను ఎనిమిది అడుగుల దూరంలో మనిషి ముఖాన్ని ఎలా తప్పుతుంది? నాకు లెక్క కుదరలేదు.

పాలచెంబు మా ఆవిడకిచ్చి, కాళ్ళు కడుక్కుని, వీధి వాకిట్లోంచి స్టూడియోలోకి వెళ్ళాను. ఎన్నేళ్ళయిందో ఆ గడప తొక్కి. అక్క నన్ను చూసి కంగారుపడింది.

"ఏరా, ఆవుకేమైనా అయిందా?"

"లేదు. ఫొటోలు చూస్తాను."

"చూడ్డానికేముంది అందులో. తప్పుల కట్ట."

దారం విప్పి ఫొటోలన్నీ బల్ల మీద వరసగా పేర్చాను. నారుమడి పోసినట్టు. ఫొటో ఎలా చూడాలో నాకు తెలియదు. చేను ఎలా చూస్తానో అలాగే చూశాను. చేనుకు జబ్బు చేస్తే నడిమధ్యకు వెళ్ళి ప్రయోజనం లేదు, గట్ల వెంబడి చూసుకుంటూ రావాలి. ముఖాలు వదిలేసి అంచులు చూడడం మొదలుపెట్టాను. కళ్ళు మసకే. ముక్కులు అంతకంటే మసక. చెవుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఒకావిడ చెవిపోగు మీద సొట్ట కూడా తెలుస్తోంది. ఒకాయన చెవి మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఇంకొకటి తీశాను. అదీ అంతే. ఇరవై చూశాను. ఇరవైలోనూ అంతే.

"అక్కా, చెవులు చూశావా?"

"కళ్ళు ఏడుస్తుంటే చెవులెవడిక్కావాలిరా?"

"చూడు."

భూతద్దం తీసుకుంది. ఒకటి చూసింది, రెండు చూసింది. నాలుగోది చూస్తుండగా ఆమె వీపు నిటారైంది. "వెనక్కి పోతోంది," అంది తనలో తాను. "నేను కంటికి పెడితే ఇది చెవికి పోతోంది."

"నీ కన్ను కాదు."

"ఏమో. నా చెయ్యేమో. బటన్ నొక్కేటప్పుడు ఊగుతున్నానేమో."

"ఊగితే ఒక్కోసారి ఒక్కోచోట పడాలి కదా."

పెరట్లోంచి ఒక చెక్క తెచ్చి దాని మీద అడ్డంగా బొగ్గుతో గీతలు గీశాను. గీతకూ గీతకూ మధ్య సరిగ్గా నా వేలెడు మందం. నడిమి గీత లావుగా గీసి, చెక్కను బల్ల మీద కెమెరా వైపు నుంచి వెనక్కి పోయేలా పొడుగ్గా పెట్టాను. అక్క ఎనిమిది అడుగుల దూరంలో కెమెరాను స్టాండు మీద బిగించి లావు గీతకు గురి పెట్టింది. కెమెరా కుయ్‌మని, సరిగ్గా పట్టుకున్నానని చెప్పింది. నొక్కింది. కంప్యూటర్లో పెద్దది చేసి చూశాం. లావు గీత మసగ్గా ఉంది. దాని వెనక నాలుగో గీత కత్తితో కోసినట్టుంది.

మళ్ళీ తీసింది. నాలుగో గీతే. స్టాండు తీసి చేత్తో పట్టుకుని తీసింది. నాలుగో గీతే. మధ్యాహ్నం దాకా ఇరవైసార్లు తీసి ఉంటుంది. ఒక్కసారీ మూడు కాలేదు, అయిదు కాలేదు.

"ఇది అబద్ధాలకోరు," అంది అక్క.

"కాదు. మాట మీద నిలబడేదే. షాపువాడి కెమెరాతో కుదిరినా, నీ కెమెరాకి తగిలిస్తే నాలుగు వేళ్ళు తప్పి చూస్తుంది, అంతే. మన ఎర్రెద్దు ఎడమకు లాగుతుంది కదా. రోజూ ఒకేలా లాగుతుంది గనక నేను కుడికి పట్టి దున్నుకుంటాను. ఒకరోజు ఎడమకు, ఒకరోజు కుడికి లాగితే ఏం చేసేవాణ్ణి?"

అక్క నా వంక వింతగా చూసింది. ఒక్కసారే అన్ని మాటలు నా నోట్లోంచి రావడం తను చూడలేదు మరి.

రెండు రోజుల తరవాత అక్క మిల్లుకు వెళ్ళింది. నన్ను రమ్మనలేదు, నేనూ అడగలేదు. ఆమె ఉపాయం ఆమె చేసుకుంది. మిల్లువాళ్ళు ఇచ్చిన గదిలో కుర్చీకి ఎనిమిది అడుగుల దూరాన నేల మీద సుద్దతో ఒక గీత, దానికి నాలుగు వేళ్ళు వెనగ్గా ఇంకో గీత. ముందు గీత మీద స్టాండు పెట్టి మనిషి కంటికి గురిపెట్టడం, పట్టిన గురి వదలకుండా స్టాండును వెనక గీత మీదికి జరిపి నొక్కడం. నలభై మందిని తీసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చింది.

నేను పశువులకు మేత వేసి వచ్చేసరికి కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"కణతలు," అంది. "ఈసారి చెవులు పోయి కణతలొచ్చాయి. కళ్ళు రాలేదు. నువ్వు నాలుగన్నావు, నాలుగే పెట్టాను కదరా!"

నేను చూశాను. ముందుకొచ్చింది నిజమే. కాకపోతే పూర్తిగా రాలేదు. ఇంకా వేలెడు దూరం ఉండిపోయింది. ఎక్కడ పోయింది ఆ వేలెడు? నాకు మతి పోయింది. చెక్క తెచ్చి గీతలు మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే.

"సుద్దగీత ఎలా కొలిచావు?"

"ఎలా కొలుస్తారు? ఇలా." కుడిచేతి నాలుగు వేళ్ళూ దగ్గరగా పెట్టి బల్ల మీద ఆనించింది.

నేను నా చెయ్యి తీసుకెళ్ళి దాని పక్కన పెట్టాను.

కెమెరా తప్ప బరువు ఎరగని చెయ్యి ఆమెది, సన్నగా, పొడుగ్గా, నాన్న చెయ్యిలా ఉంటుంది. నాది ముప్ఫై ఏళ్ళుగా పారా పలుగూ పట్టి, కణుపు కణుపుకీ కాయకాచి, గడ్డలా తయారైంది. నా నాలుగు వేళ్ళ పక్కన ఆమెవి అయిదు పట్టేలా ఉన్నాయి.

అక్క ముందు నవ్వింది. ఆ కాలమంతటిలో ఆమె నవ్వడం అదే మొదలు. వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఎందుకు నవ్వుతున్నారు?"

"మీ ఆయనవి వేళ్ళు కావే, అరటికాయలు," అంది అక్క.

"ఆ సంగతి మీకిప్పుడు తెలిసిందా?" అంది మా ఆవిడ.

స్టాండు జరపడంలో ఇంకో చిక్కుంది. అది జరిగేలోపల కూర్చున్న మనిషి కాస్త ముందుకో వెనక్కో ఊగుతాడు. అలా కాక, కంటికి నాలుగు వేళ్ళు ముందు ఏదైనా గుర్తు పెట్టి, గురి దానికి పెడితే సరిపోతుంది. లెన్సు ఎలాగూ నాలుగు వేళ్ళు వెనక్కి చూస్తుంది గనక చూపు సరిగ్గా కంటి మీద పడుతుంది. నా వేళ్ళ కొలతకు ఒక పుల్ల కోసి, కొసకు నల్లదారం చుట్టి, మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. పుల్ల కంటి పక్కకు తేగానే కళ్ళు గట్టిగా మూసుకుని తల వెనక్కి లాగేసింది.

"కదలకే!"

"కంట్లో పొడుస్తుంటే కదలకుండా ఎలా ఉంటాను? మీరు కూర్చోండి, నేను పొడుస్తాను."

మూడుసార్లు చూశాం. మూడుసార్లూ అంతే. పుల్ల పక్కన పడేసి, నల్లదారం నా చూపుడువేలికే చుట్టుకున్నాను. చెయ్యి నిలువుగా పట్టి, చిటికెనవేలు అంచు ఆమె కంటి కొసన కణతకు ఆనించాను. చూపుడువేలు కెమెరా వైపు ఉంది. ఈసారి ఆమె కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదు. దూడ కూడా అంతే, తాడు చూపిస్తే బెదురుతుంది, చెయ్యి వేస్తే నిలబడుతుంది. అక్క నా వేలి మీది దారానికి గురిపెట్టి "తియ్" అంది. తీశాను. నొక్కింది.

కంప్యూటర్లో మా ఆవిడ కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. తెరను చూసి ఆవిడ, "అమ్మో, నా కళ్ళు ఇంత బాగుంటాయా?" అంది. నేను ఏమీ అనలేదు. అనాల్సిందేమో.

"రేపు నువ్వు రావాలిరా," అంది అక్క. ఇరవై రెండేళ్ళలో ఆమె నన్ను అడిగిన మొదటి సాయం.

మిల్లులో మూడు షిఫ్టులు, మూడు రోజులు. గేటు పక్క గదిలో పెద్ద కిటికీ ఎదురుగా కుర్చీ వేశాం. ఎనిమిది అడుగుల తాడు కొలిచి స్టాండు నిలబెట్టాం. మొదట వచ్చింది దారం చుట్టే చోట పనిచేసే పెద్దావిడ. మిల్లంతా ఆవిణ్ణి మైకు అని పిలుస్తారట. ఎందుకో వెంటనే తెలిసింది.

"మొదట ఒకసారి తీశావు, తరవాత ఒకసారి తీశావు, మళ్ళీ తీస్తానంటావు. నా ముఖం నీకు అంత నచ్చిందా అమ్మా?"

"నచ్చబట్టేగా. కూర్చో."

నేను చెయ్యెత్తడం చూసి ఆవిడ ఉలిక్కిపడింది. "ఈయనెవరు? కదిలితే చెంప మీద ఒకటివ్వడానికి పెట్టుకున్నావా?"

"మా తమ్ముడు."

"మాట్లాడడా?"

"అవసరమైతే మాట్లాడతాడు."

"ఆ మందేదో మా ఇంటాయనక్కూడా కాస్త పట్టించు!" గుమ్మంలో వరసగా నిలబడ్డ ఆడా మగా గొల్లుమన్నారు. వాళ్ళలో ఆ ఇంటాయన కూడా ఉన్నాడని తరవాత తెలిసింది.

"పెట్టనా?" అని అడిగాను. పరాయి ఆడమనిషి ముఖం గనక వెంట్రుకవాసి దూరంలో చెయ్యి ఆపి ఉంచాను.

"ఆనించు తమ్ముడూ, కాలదులే," అంది. ఆనించగానే ఆ నోరు దానంతటదే మూతపడింది. అక్క "తియ్" అంది.

ఆ మూడు రోజులూ నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే. పెట్టనా? మూడువందల పన్నెండుసార్లు. నా జన్మలో అంత తక్కువ రోజుల్లో అన్నిసార్లు నోరు విప్పింది లేదు. వద్దన్నవాళ్ళు ఇద్దరే. వాళ్ళకు తాకకుండా పక్కన పట్టుకున్నాను. చిన్నా పెద్దా, చెమటతో తడిసినవాళ్ళూ, జ్వరంతో కాలుతున్నవాళ్ళూ, కణత మీద పాత గాయం ఉన్నవాళ్ళూ. చెయ్యి ఆనితే ఎవరి నరం ఎలా కొట్టుకుంటుందో తెలిసేది. రెండో రోజుకి నాకు నాలుగువేళ్ళాయన అని పేరు పడింది. చూపుడువేలు నొప్పి పుట్టి వంగకుండా పోతే, రాత్రి మా ఆవిడ వేడినీళ్ళ కాపడం పెట్టింది.

అక్కను నేను పనిలో చూడడం అదే మొదటిసారి. నాకు తెలిసిన అక్క వేరు. తలుపు చాటున సన్నగా దగ్గుతూ, కూరలో ఉప్పు ఎక్కువైనా చెప్పకుండా తినేసే మనిషి. ఇక్కడ ఆమె "గడ్డం దించు" అంటే ఫోర్‌మన్ కూడా దించాడు. ఒకడు తల దువ్వుకోలేదని సిగ్గుపడుతుంటే, "నీ తల కార్డు మీదికి రాదురా, నీ చూపు వస్తుంది, అది దువ్వుకో" అంది. అలసిపోయి కూర్చున్నవాళ్ళను ఒక్క మాటతో నిటారుగా చేసేది. వెనక నిలబడి చూస్తూ, ఈమె మా అక్క అని అందరికీ చెప్పాలనిపించింది. వాళ్ళందరికీ నాకంటే ముందే తెలుసని తరవాత తోచింది.

మూడో రోజు సాయంత్రం గుమాస్తా ఆఫీసు కంప్యూటర్లో ఒక్కో ఫొటో పెద్దది చేసి చూశాడు. అద్దాలు పైకి నెట్టుకుని, ముక్కు తెరకు ఆనించినంత పని చేశాడు.

"లెన్సు మార్చారా అమ్మా?"

"లేదు."

"అయితే కళ్ళజోడు పెట్టించారా?"

"లేదు."

"మరేం మార్చారు?"

"మా తమ్ముణ్ణి పెట్టుకున్నాను."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చూడ్డానికి అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

గుమాస్తా ఒక ఫొటో దగ్గర ఆగాడు. మైకు ఫొటో. "ఈ తెల్ల చుక్కలేంటి, రెప్పల మీద?"

"పత్తి నూగు."

ఇంకొకటి తెరిచాడు. దాంట్లోనూ ఉంది. కనుబొమల్లో, రెప్పల కొసల్లో, మంచు పడ్డట్టు. "అబ్బో, మరీ ఇంత తేటగా పడ్డాయా! మేనేజరుగారు ఏమంటారో. కంప్యూటర్లో ఇవి తుడిచెయ్యొచ్చుగా అమ్మా? కార్డు శుభ్రంగా ఉంటుంది."

అక్క గొంతు పెంచలేదు. "రోజుకు ఎనిమిది గంటలు ఆ నూగులో నిలబడే కళ్ళవి. అవి అలాగే ఉంటాయి. మీ మిషను ఒప్పుకుంటుందా లేదా, అంతవరకే చూడండి."

గుమాస్తా తల తిప్పి ఆమె వంక చూశాడు. తరవాత నా వంక చూశాడు. తెర మీద ఆ కళ్ళు ముగ్గురినీ చూస్తున్నాయి. అతను తరవాతి ఫొటో తెరిచాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు కార్డులు పంచారు. ఆ సాయంత్రం అక్క నాతో చెప్పకుండా మిల్లు వైపు వెళ్ళింది. నేనూ ఆమెతో చెప్పకుండా వెళ్ళాను. రోడ్డుకు అటు పక్కన ఆమె, ఇటు పక్కన నేను నిలబడి షిఫ్టు దిగడం చూశాం. ఒక్కొక్కరూ కార్డు మిషనుకు చూపించడం, పచ్చదీపం వెలగడం, బయటికి రావడం. ఒక్కసారి కూడా ఎర్రది వెలగలేదు. మైకు మాత్రం గేటు దాటాక ఆగి, కార్డు చేతిలోకి తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. ఆ కాసేపు ఆవిడ గొంతు వినబడలేదు. అక్క ముఖం నేను చూశాను. ఆమె మెడ అంత ఎత్తుగా ఉండడం నాన్న బతికున్నప్పుడు కూడా చూసిన గుర్తు లేదు.

ఆ లెన్సు ఇప్పటికీ నాలుగు వేళ్ళు తప్పే చూస్తుంది. అక్క రిపేరుకి ఇవ్వలేదు. ఎవరైనా మంచి ఫొటో దిగాలని వస్తే, పొలానికి కబురు పంపుతుంది. కాళ్ళ బురద కడుక్కుని నేను వెళ్తాను.

కార్డులు పంచిన ఆ సాయంత్రం ఇద్దరం రోడ్డుకు చెరోపక్కగానే నడిచి ఇంటికొచ్చాం. అక్క వీధి వాకిలి దగ్గర ఆగలేదు. నాతోపాటు చుట్టూ తిరిగి పెరటి వాకిట్లోంచి వచ్చి, చెయ్యి కడుక్కుని మా వంటింట్లో కూర్చుంది. మా ఆవిడ మూడో కంచం తీసి నీళ్ళతో కడిగి ఆమె ముందు పెట్టింది. ముగ్గురం తిన్నాం. పెరట్లో ఎర్రెద్దు మేత నమలడం వినబడుతూ ఉంది. అన్నం అయిపోయాక అక్క తల ఎత్తకుండా కంచం కొంచెం ముందుకు జరిపింది. మా ఆవిడ మారు వడ్డించింది.